పాత ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేశారా? తేల్చుకునే పద్ధతి

అడుగున ఉన్న స్టిక్కర్ మీద 1.6 గిగాహెర్ట్జ్ అని ఉంది. విండోస్‌లో చూస్తే 2.13 అని వస్తోంది. అమ్మేవాళ్లను అడిగితే "మేం కొన్నప్పుడే అలా ఉంది" అంటారు. పాత థింక్‌ప్యాడ్‌లు, డెల్ లాటిట్యూడ్‌లు కొనేవాళ్లకు ఇలాంటి సందర్భం ఎదురవుతుంది. ఎవరైనా మంచి ప్రాసెసర్ మార్చారా, ఉన్నదాన్నే హద్దు మీరి పరుగెత్తిస్తున్నారా, లేక తెర మీది అంకెనే మనం తప్పుగా చదువుతున్నామా అన్నది తేల్చుకోవాలి. దానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఏ అంకె ఎక్కడి నుంచి పుట్టిందో తెలిస్తే చాలు.

కంపెనీ పరీక్షించి హామీ ఇచ్చిన వేగం కంటే ఎక్కువ వేగంతో ప్రాసెసర్‌ను నడపడమే ఓవర్‌క్లాక్. డెస్క్‌టాప్‌లో ఇది బయోస్ మెనూలోనే దొరికే సదుపాయం. ల్యాప్‌టాప్ బయోస్‌లో సాధారణంగా ఆ వీలు ఉండదు. కాబట్టి చేసినవాళ్లు దొడ్డిదారి వెతుక్కున్నారు. కొందరు సాకెట్‌లో సన్నని తీగ పెట్టారు, కొందరు సాఫ్ట్‌వేర్‌తో క్లాక్ చిప్‌ను దారి మళ్లించారు, ఇంకొందరు బోర్డు మీది క్రిస్టల్‌నే మార్చేశారు. మూడింటి జాడలూ వేరు. పట్టుకునే పద్ధతులూ వేరే.

ఇక్కడ ఉదాహరణగా 2004లో ఐబీఎం తెచ్చిన థింక్‌ప్యాడ్ టీ42ను, అందులో ఉండే ఇంటెల్ పెంటియం ఎం 725 ప్రాసెసర్‌ను తీసుకుంటున్నాను. ఆ తరంలో ఓవర్‌క్లాక్ ప్రియులు బాగా ఇష్టపడ్డ చిప్ కుటుంబం ఇది. పద్ధతి నేర్చుకుంటే అదే కాలపు ఇతర మోడళ్లకూ పనికొస్తుంది.

ఎందుకు తేల్చుకోవాలి

పెంటియం ఎం 725కు ఇంటెల్ చెప్పిన ఉష్ణ పరిమితి 21 వాట్లు. టీ42లోని ఫ్యానూ రాగి హీట్‌సింకూ ఆ స్థాయి వేడిని లెక్కలో పెట్టుకుని చేసినవి. వోల్టేజీ ముట్టుకోకుండా వేగాన్ని మూడో వంతు పెంచినా విద్యుత్ వాడకం దాదాపు అదే నిష్పత్తిలో పెరిగి 28 వాట్ల దాకా వెళ్లవచ్చు. పైగా ఈ బోర్డు మీది 855 చిప్‌సెట్‌కు ఇంటెల్ హామీ ఇచ్చింది 400 మెగాహెర్ట్జ్ బస్‌కే (ప్రాసెసర్‌ను చిప్‌సెట్‌తో కలిపే దారే బస్). మెమరీ క్లాక్ కూడా ఆ బస్ క్లాక్ నుంచే పుడుతుంది కాబట్టి ప్రాసెసర్‌తో పాటు చిప్‌సెట్, ర్యామ్ కూడా హద్దు దాటే ప్రమాదం ఉంది. ర్యామ్‌లో ఒక్క బిట్ తారుమారైతే ఫైళ్లు నిశ్శబ్దంగా పాడవుతాయి. చేసినవాళ్లకు తెలిసి చేస్తే అది వాళ్ల సరదా. తెలియకుండా కొన్నవాళ్లకు అది నష్టం.

కావలసినవి

కంపెనీ అడాప్టర్, ఛార్జ్ ఉన్న బ్యాటరీ. ప్రాసెసర్ వివరాలు చూపే సీపీయూ-జెడ్, విండోస్ ఎక్స్‌పీ మీద నడిచే పాత వెర్షన్. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+, సీడీలో రాసుకున్నది. ఫోన్‌లో స్టాప్‌వాచ్. చివరి దశకు స్క్రూడ్రైవర్లు, భూతద్దం, థర్మల్ పేస్ట్. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట ఇవన్నీ ఒక్క పూటలో దొరుకుతాయి.

అడాప్టర్ మాట ఊరికే చెప్పలేదు. ఈ తరం ల్యాప్‌టాప్‌లలో కొన్ని బ్యాటరీ లేకపోయినా, తక్కువ వాట్ల అడాప్టర్ తగిలించినా ప్రాసెసర్‌ను అడుగు వేగానికి దించేస్తాయి. అప్పుడు ఏ కొలతా నమ్మడానికి లేదు.

మొదటి దశ: అసలు హామీ వేగం ఎంత?

స్టిక్కర్‌ను పక్కన పెట్టండి. ఫ్యాక్టరీ నుంచి ఏ చిప్‌తో బయటికొచ్చిందో అది చెబుతుంది గానీ, ఇప్పుడు లోపల ఏముందో దానికి తెలియదు. సీపీయూ-జెడ్ తెరిచి "స్పెసిఫికేషన్" అనే వరుస చూడండి. "ఇంటెల్ పెంటియం ఎం ప్రాసెసర్ 1.60 గిగాహెర్ట్జ్" అన్నట్టు ఉంటుంది. దీన్ని బ్రాండ్ స్ట్రింగ్ అంటారు. పెంటియం ఎం తరంలో ఇది చిప్ తన గురించి తాను చెప్పే మాట. హామీ వేగం అందులోనే ఉంటుంది. ఓవర్‌క్లాక్ చేసినా ఈ అంకె మారదు.

ఏఎండీ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే ఇంత ధీమా పనికిరాదు. అథ్లాన్ కాలపు ఏఎండీ చిప్‌లలో ఈ పేరును బయోస్ రాస్తుంది. అక్కడ చిప్ మీద అచ్చయిన కోడ్‌నే ఆధారం చేసుకోవాలి.

పెంటియం ఎంలోనూ ఒక చిక్కుంది. ఒకే హామీ వేగంతో రెండు రకాల చిప్‌లు వచ్చాయి. 400 మెగాహెర్ట్జ్ బస్‌వి: 715 (1.5), 725 (1.6), 735 (1.7), 745 (1.8), 755 (2.0). 533 మెగాహెర్ట్జ్ బస్‌వి: 730 (1.6), 740 (1.73), 750 (1.86), 760 (2.0), 770 (2.13). 725, 730 రెండూ తమను 1.60 అనే చెప్పుకుంటాయి. 755, 760 రెండూ 2.00 అంటాయి. వీటిని విడదీయడానికి రెండో దశ కావాలి.

రెండో దశ: మల్టిప్లయర్, బస్

ప్రాసెసర్ వేగం రెండు అంకెల గుణకారం. బోర్డు మీది క్లాక్ చిప్ ఇచ్చే బస్ వేగం ఒకటి, దాన్ని ప్రాసెసర్ లోపల ఎన్ని రెట్లు చేస్తారన్న మల్టిప్లయర్ రెండోది. 725లో 100 × 16 = 1600. 730లో 133.33 × 12 = 1600. ఒక్కో క్లాక్‌కు నాలుగుసార్లు డేటా వెళ్తుంది కాబట్టి 100ను 400 అనీ, 133ను 533 అనీ రాస్తారు.

పెంటియం ఎం గరిష్ఠ మల్టిప్లయర్‌ను ఇంటెల్ తాళం వేసి ఉంచింది. అమ్మకానికి వచ్చిన మామూలు చిప్‌లో పైకి జరపడం కుదరదు. అందుకే పెంచాలనుకున్నవాళ్లు బస్ వేగం మీదే చెయ్యి వేశారు. 725ను 133 బస్ మీద నడిపితే 16 × 133.33 = 2133. మొదట్లో చెప్పిన 2.13 అక్కడి నుంచి వచ్చేదే.

కొలిచే ముందు ప్రాసెసర్‌ను పూర్తి వేగంలో ఉంచాలి. స్పీడ్‌స్టెప్ అనే ఏర్పాటు పని లేనప్పుడు మల్టిప్లయర్‌ను 6కు దించుతుంది. ఎక్స్‌పీలో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి "ఆల్వేస్ ఆన్" ఎంచుకోండి. సీపీయూ-జెడ్‌లో కోర్ స్పీడ్, మల్టిప్లయర్, బస్ స్పీడ్ మూడూ కాగితం మీద రాసుకోండి. తర్వాత పవర్ స్కీమ్‌ను "పోర్టబుల్/ల్యాప్‌టాప్"కు మార్చి, ఏ ప్రోగ్రామూ ముట్టుకోకుండా కొద్దిసేపు వదిలేసి మళ్లీ రాసుకోండి.

ఈ రెండో కొలతను చాలామంది పట్టించుకోరు. నిజానికి ఎంతో చెప్పేది అదే. 100 బస్ మీది మామూలు 725 విశ్రాంతిలో 6 × 100 = 600 దగ్గర నిలుస్తుంది. బస్ 133కు ఎక్కితే విశ్రాంతి వేగం కూడా 800కి చేరుతుంది. తన పేరులో 1.60 అని చెప్పుకుంటూ, పనిలో మల్టిప్లయర్ 16 చూపుతూ, విశ్రాంతిలో 800 దరిదాపుల్లో ఉన్న చిప్‌ను ఎవరో ముట్టుకున్నారు. ఆ విషయంలో సందేహం అక్కర్లేదు.

చిన్న తేడాలకు కంగారు పడకండి. రేడియో అలజడి తగ్గించడానికి క్లాక్ చిప్ వేగాన్ని కొంచెం అటూ ఇటూ ఊపుతుంది. 1600 బదులు 1596 వచ్చినా, 1601 వచ్చినా అది మామూలే.

ఎక్కడ మోసపోతాం

ఎక్స్‌పీ సిస్టమ్ ప్రాపర్టీస్‌లో రెండు అంకెలుంటాయి. పై వరుసలోది చిప్ చెప్పుకున్న పేరు, కింది వరుసలోది విండోస్ కొలిచిన వేగం. స్పీడ్‌స్టెప్ వల్ల కిందిది 598 అని కనిపిస్తే ప్రాసెసర్ పాడైందని అనుకునేవాళ్లున్నారు. అది విశ్రాంతి వేగం, అంతే.

లినక్స్‌లో పొరపాటు ఇంకో దిక్కు నుంచి వస్తుంది. ప్రాక్ ఫోల్డర్‌లోని సీపీయూఇన్ఫో ఫైలులో "సీపీయూ మెగాహెర్ట్జ్" అని కనిపించే అంకె ఈ తరం యంత్రాల్లో కొలత కాకపోవచ్చు. పెంటియం ఎం కోసం రాసిన పాత స్పీడ్‌స్టెప్ డ్రైవర్ మల్టిప్లయర్‌ను చదివి, బస్ 100 అనే అనుకుని, 16 × 100 అని లెక్కకట్టి చెబుతుంది. మరో డ్రైవర్ బయోస్ ఇచ్చిన పట్టికలోంచి అంకె తీసి చూపిస్తుంది. ప్రాసెసర్ 2133 దగ్గర నడుస్తున్నా తెర మీద 1600 అనే ఉంటుంది. నమ్మాల్సింది బూట్ సందేశాల్లో "డిటెక్టెడ్ ... మెగాహెర్ట్జ్ ప్రాసెసర్" అని వచ్చే వరుసను. అక్కడ కెర్నల్ ప్రాసెసర్ లోపలి లెక్కింపును బోర్డు టైమర్‌తో పోల్చి కొలుస్తుంది. 400 బస్ పెంటియం ఎంలు పీఏఈ అనే మెమరీ సదుపాయం తమకుందని చెప్పుకోవు కాబట్టి, దాన్ని కోరే లినక్స్‌లు బూట్ కావాలంటే "ఫోర్స్‌పీఏఈ" అనే ఆప్షన్ ఇవ్వాల్సి వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

కాబట్టి ఏ అంకె చూసినా ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది ఎవరో చెప్పిన మాటా, అప్పటికప్పుడు కొలిచిన ఫలితమా? చెప్పినదాన్నీ కొలిచినదాన్నీ ఒకే గాటన కట్టడం వల్లే ఈ విషయంలో తప్పుడు తీర్పులు వస్తాయి.

మూడో దశ: విండోస్ లేకుండా కొలవడం

సెట్‌ఎఫ్‌ఎస్‌బీ, క్లాక్‌జెన్ లాంటి చిన్న ప్రోగ్రాములు విండోస్‌లోంచే క్లాక్ చిప్‌కు ఆజ్ఞలు పంపి బస్ వేగాన్ని పెంచగలవు. పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఆ మార్పు పోతుంది. అందుకే వాటిని స్టార్టప్‌లో పెట్టుకుంటారు. ఇది పట్టుకోవడం తేలిక.

ల్యాప్‌టాప్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, అడాప్టర్, బ్యాటరీ కొద్ది నిమిషాలు తీసేసి, మళ్లీ పెట్టి మెమ్‌టెస్ట్86+ సీడీతో బూట్ చేయండి. పై వరుసలో ప్రాసెసర్ పేరు, కొలిచిన వేగం కనిపిస్తాయి. బ్యాటరీ మీద బూట్ చేస్తే కొన్ని యంత్రాలు 600 దగ్గరే ఉండిపోతాయి కాబట్టి అడాప్టర్ తప్పనిసరి.

విండోస్‌లో 1750, మెమ్‌టెస్ట్‌లో 1600 వస్తే ఓవర్‌క్లాక్ సాఫ్ట్‌వేర్‌దే. స్టార్టప్ జాబితా శుభ్రం చేస్తే సమస్య తీరుతుంది. రెండు చోట్లా 2133 వస్తే మార్పు బోర్డులోనే ఉంది. మెమ్‌టెస్ట్‌ను ఆపకుండా కనీసం ఒక పూర్తి పాస్ నడవనివ్వండి. ఎర్ర వరుస ఒక్కటి వచ్చినా ఆ యంత్రంలో ముఖ్యమైన ఫైళ్లు పెట్టకండి.

నాలుగో దశ: టైమర్‌నే పరీక్షించడం

ఇంతవరకూ చేసిన ప్రతి కొలతా బోర్డు టైమర్‌ను ప్రమాణంగా తీసుకుంది. ఆ టైమర్‌కు ఆధారం 14.318 మెగాహెర్ట్జ్ క్రిస్టల్. క్లాక్ చిప్ బస్ వేగాన్ని పుట్టించేదీ దాని నుంచే. ఎవరైనా దాన్ని తీసి 16 మెగాహెర్ట్జ్‌ది అతికిస్తే ప్రాసెసర్ దాదాపు 11.7 శాతం వేగం పుంజుకుంటుంది, 1600 కాస్తా 1788 అవుతుంది. కానీ టైమర్ కూడా అంతే తొందరపడుతుంది కాబట్టి సీపీయూ-జెడ్, మెమ్‌టెస్ట్ రెండూ 1600 అనే చెబుతాయి. తూకపురాయే తేడాగా ఉంటే కాటా ఎంత సరిగ్గా ఆగినా తూకం తప్పే.

దీనికి బయటి గడియారం కావాలి. మెమ్‌టెస్ట్ తెర మీద నడిచిన సమయం కనిపిస్తూ ఉంటుంది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి, అదే క్షణాన తెర మీది సమయం రాసుకోండి. ఫోన్‌లో 30 నిమిషాలు అయ్యేసరికి తెర మీద కూడా 30 నిమిషాలే గడిచి ఉండాలి. ఒకటి రెండు సెకన్ల తేడా పట్టించుకోకండి. 33న్నర నిమిషాలు గడిచినట్టు కనిపిస్తే క్రిస్టల్ మార్చారు. డాస్‌లో అయినా ఇంతే, అక్కడి గడియారం గంటకు ఏడు నిమిషాలు ముందుకు పోతుంది. ల్యాప్‌టాప్ ఆపి ఉన్నప్పుడు సమయం చూసుకునే చిప్‌కు వేరే 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది కనుక బయోస్ గడియారం మాత్రం సరిగ్గానే ఉంటుంది. ఆ రెండింటి మధ్య తేడా కూడా ఒక ఆధారమే.

ఐదో దశ: తెరిచి చూడడం

కొలతలు అనుమానాన్ని బలపరిస్తేనే ఈ దశకు రండి. బ్యాటరీ, అడాప్టర్ తీసేయండి. టీ42లో కీబోర్డు, అరచేతులు ఆనే పై పలక తీశాక ఫ్యాన్, హీట్‌సింక్ కనిపిస్తాయి. అది ప్రాసెసర్‌నూ గ్రాఫిక్స్ చిప్‌నూ కలిపి కప్పి ఉంటుంది. తీసే ముందు ల్యాప్‌టాప్‌ను కాసేపు నడిపి ఉంటే పేస్ట్ మెత్తబడి సులువుగా వస్తుంది. ఒక మూల పట్టుకుని పెకిలించకండి. పెంటియం ఎం సిలికాన్‌కు పైన లోహపు మూత ఉండదు, అంచు పెచ్చు లేస్తే చిప్ పోయినట్టే.

ముందు అచ్చు చదవండి. 725 లాంటి డోథన్ తరం పెంటియం ఎం మీద ఆర్‌హెచ్80536తో మొదలయ్యే సంఖ్య, ఎస్‌ఎల్‌తో మొదలయ్యే అయిదక్షరాల కోడ్ ఉంటాయి. ఎస్‌ఎల్7ఈజీ అంటే 725, ఎస్‌ఎల్7ఈపీ అంటే 735. బ్రాండ్ స్ట్రింగ్‌తో ఇది పొసగాలి. అచ్చు ఒకటీ చిప్ చెప్పేది ఇంకొకటీ అయితే, ఇంటెల్ చిప్ విషయంలో చిప్ మాటే నమ్మండి. పైన రాసిన అక్షరాలు చెరిపి మళ్లీ రాయడం 1990లలో కొందరు వ్యాపారులు చేసిన పనే.

తర్వాత సాకెట్ స్క్రూను తిప్పి ప్రాసెసర్‌ను నిలువుగా పైకి తీసి, కింది పిన్నులు భూతద్దంతో చూడండి. ఏ బస్ వేగం కావాలో క్లాక్ చిప్‌కు చెప్పే పిన్నులను బీసెల్ పిన్నులంటారు. పక్క పిన్‌తో వాటిని కలిపితే 100 అడగాల్సిన ప్రాసెసర్ 133 అడిగినట్టు బోర్డు అర్థం చేసుకుంటుంది. కాబట్టి వెతకాల్సినవి: సాకెట్ రంధ్రాల మధ్య యూ ఆకారంలో వంచి పెట్టిన వెంట్రుక సన్నని రాగి తీగ, పిన్నుల మొదట్లో వెండి రంగు పూత, విరిచేసిన లేదా టేప్ చుట్టిన పిన్ను. బంగారు పూత పిన్నుల మధ్య వేరే మెరుపు కనబడితే అక్కడ ఆగి చూడండి.

చివరగా క్లాక్ చిప్ చుట్టుపక్కల. దాని పక్కనే లోహపు డబ్బీలో క్రిస్టల్ ఉంటుంది, మీద 14.318 అని రాసి ఉండాలి. పక్క టంకాలు నున్నగా ఒకే తీరుగా ఉండి, ఇక్కడ మాత్రం ఉబ్బుగా, గోధుమరంగు ఫ్లక్స్ మరకతో ఉంటే అది చేతితో పెట్టిన టంకం. మళ్లీ బిగించేటప్పుడు పాత పేస్ట్ పూర్తిగా తుడిచి కొత్తది పలచగా పూయండి.

ఆరో దశ: తీర్పు

రాసుకున్న అంకెలన్నీ ఒక్కచోట పెట్టి చూడండి.

పేరులో 1.60, మల్టిప్లయర్ 16, బస్ 100, విశ్రాంతి వేగం 600, స్టాప్‌వాచ్‌తో సమయం సరిపోలితే: ఫ్యాక్టరీ స్థితి.

పేరులో 1.60, మల్టిప్లయర్ 16, మెమ్‌టెస్ట్‌లో కూడా బస్ 133కు సరిపడే 2133: సాకెట్‌లో గానీ బోర్డు మీద గానీ చేసిన ఓవర్‌క్లాక్.

పేరులో 1.60, మెమ్‌టెస్ట్‌లో 1600, విండోస్‌లో మాత్రం ఎక్కువ: సాఫ్ట్‌వేర్ ఓవర్‌క్లాక్.

పేరులో 1.60, మల్టిప్లయర్ 12, బస్ 133: ఇది 730. 915 చిప్‌సెట్ ఉన్న థింక్‌ప్యాడ్ టీ43 లాంటి యంత్రంలో ఇది పూర్తిగా సహజం.

స్టిక్కర్ మీద 1.6, పేరులో 2.00, మల్టిప్లయర్ 20, బస్ 100: ఎవరో 755 వేశారు. ఇది అప్‌గ్రేడ్, ఓవర్‌క్లాక్ కాదు.

అంకెలన్నీ సరిగ్గా ఉండి స్టాప్‌వాచ్ మాత్రం పొసగకపోతే: క్రిస్టల్ మార్పు.

ఇంకా పాత యంత్రాలైతే

386 కాలపు ల్యాప్‌టాప్‌లో బ్రాండ్ స్ట్రింగ్ లేదు, చిప్ తన పేరు చెప్పుకోదు. అచ్చే ఆధారం. బోర్డు మీది ఆసిలేటర్ డబ్బీ చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. 386కు రెట్టింపు క్లాక్ ఇవ్వాలి. 20 మెగాహెర్ట్జ్ 386ఎస్‌ఎక్స్ పక్కన 40 అని రాసిన ఆసిలేటర్ ఉంటే అది సరైనదే. 50 అని ఉంటే ప్రాసెసర్ 25 దగ్గర నడుస్తోంది. మామూలు 486కు రెట్టింపు అక్కర్లేదు, ఆసిలేటర్ అంకే దాని బస్ వేగం.

తేలాక ఏం చేయాలి

ఓవర్‌క్లాక్ అయిందని తేలినంత మాత్రాన యంత్రాన్ని తీసిపారేయకండి. తీగ తీసేస్తే, పూత తుడిచేస్తే 725 మళ్లీ 725 అవుతుంది. అప్పుడు మెమ్‌టెస్ట్ మళ్లీ నడపండి. తప్పులు లేకుండా పూర్తయితే నిశ్చింతగా వాడుకోవచ్చు. అలాగే ఉంచాలనుకుంటే ఉష్ణోగ్రత గమనిస్తూ ఉండండి. ఈ చిప్‌కు ఇంటెల్ పెట్టిన హద్దు 100 డిగ్రీలు. పూర్తి లోడ్‌లో 90 దాటుతుంటే ఫ్యాన్ దుమ్ము తీయాలి, లేదంటే వేగం తగ్గించాలి.

ఈ ల్యాప్‌టాప్‌లు ఇక కొత్తగా తయారు కావు. ఉన్నవి చేతులు మారుతూ బతకాలి. బతకాలంటే ఒక్కో చేతి నుంచి ఇంకో చేతికి నిజమైన సమాచారం కూడా వెళ్లాలి. అందుకే మీరు తేల్చిన సంగతి చిన్న చీటీ మీద రాయండి: ఏ చిప్, హామీ వేగం ఎంత, కొలిచిన వేగం ఎంత, బస్ ఎంత, ఏ తేదీన చూశారు, లోపల ఏం మార్పు కనిపించింది. దాన్ని బ్యాటరీ గదిలో అతికించండి. అమ్మేటప్పుడు ఆ చీటీలోని మాటలే ప్రకటనలోనూ రాయండి. కొనేవాళ్లయితే ధర మాట్లాడే ముందు ఈ వివరాలు అడగండి. మన దగ్గర ఇది మామూలు అలవాటు కావాలి.